ఒప్పుదల పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున్న ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంటూంటే ఒక అమ్మాయి వచ్చింది. మేము చదివిన కాలేజీలోనే చదువుతోందట. అక్కడ మా రోజుల్లో ఉన్న వక్తృత్వ సాహిత్య సభ ఇంకా ఉందట, ఈ యేడు దానికి తనే కార్యదర్శట. ఆడపిల్ల మేడ మీద హాల్లోకి తొంగి చూస్తేనే మా కాలంలో వారంరోజులు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఏకంగా కార్యదర్శి! సంతోషించాను. సభకేదో ఉత్సవమట, సంచిక వేస్తున్నారట, పాత కార్యదర్శుల్లో కళ్ళు కనిపించేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని ఎవరో చెప్పారట. "మీ స్వర్ణయుగం గురించి నాలుగు మాటలు రాసివ్వండి తాతగారూ" అంది. గుర్తు రావడానికి సాయంగా ఉంటుందని సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర తోలు అట్ట, మూలలు చెదలు కొరికేశాయి. దాన్ని చూడగానే ముట్టుకోకుండా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పిల్ల మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. పుస్తకం మాత్రం ఇక్కడే ఉంది.

స్వర్ణయుగమా, నా మొహమా. అవి యుద్ధం రోజులు. విజయనగరంలో కిరసనాయిలుకీ కరువే, చక్కెరకీ కరువే. కొదవ లేనిది మా సభలో నోళ్ళకే. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి మేడ మీద హాల్లో కూడేవాళ్ళం. వాదించే విషయాలు మా తాతల నాటివి. ప్రతి యేడూ అవే తిరిగి తిరిగి వచ్చేవి, మా చొక్కాల్లాగే, తొడుక్కునే అన్నదమ్ములు మారేవాళ్ళు గానీ గుడ్డ మారేది కాదు. విద్య గొప్పా ధనం గొప్పా, పల్లె మేలా పట్నం మేలా, సముద్రయానం శాస్త్రసమ్మతమా కాదా. ఈ చివరిది మరీ విడ్డూరం. వాదించేవాళ్ళలో సముద్రంలో మోకాలి లోతు దిగినవాడు ఒక్కడుండేవాడు కాదు. అయినా ఓడలు మునిగేవి, కులాలు పోయేవి, ప్రాయశ్చిత్తాలు జరిగేవి, టీ టైముకల్లా అందరూ క్షేమంగా మెట్లు దిగేవాళ్ళం.

అసలు జనం వచ్చేది వాదానికి కాదు, ఒప్పుదలకి. అది మా సభ ఆచారం. ఏ వారం ఎవరేం మాట్లాడారో కార్యదర్శి ఈ ఎర్ర పుస్తకంలో రాయాలి. తరవాతి శనివారం అది నిండు సభలో చదవాలి. చదువుతూంటే పేరొచ్చినవాడు లేచి నిలబడి, "సరిగానే ఉంది" అని చెప్పి, ముందుకొచ్చి పక్కన సంతకం పెట్టాలి. అదే ఒప్పుదల. కాదూ, నేనలా అనలేదూ అంటే అభ్యంతరం ఓటుకు పెడతారు. పుస్తకమే సరి అన్నవాళ్ళు చేతులెత్తాలి. పుస్తకం ఓడిన దాఖలా సభ పుట్టాక లేదు. అభ్యంతరం చెప్పినవాడు రెట్టింపు నవ్వులపాలయ్యేవాడు, ఆ పైన ఎలాగూ సంతకం పెట్టేవాడు. అందుచేత కార్యదర్శి చేతిలో కలం ఉందంటే ఇంగలం ఉన్నట్టే, తగిలినవాడు కాలవలసిందే. ఎవడు తడబడ్డాడు, ఎవడి పంచె జారింది, ఎవడు 'అధ్యక్షా' అనబోయి తుమ్మాడు, అన్నీ గ్రాంథికంలో గంభీరంగా రాసి చదివితే హాలు విరగబడి నవ్వేది. ఆ యేడు కార్యదర్శిని నేను. నా అంత బాగా రాసినవాడు అంతకు ముందు లేడని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను.

మా నాన్నకి గంటస్తంభం దగ్గర నూలు కొట్టు. తూర్పున సముద్రపొడ్డు పల్లెల వాళ్ళు వలలకి నూలు మా దగ్గరే కొనేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దాయన నెలకోసారి వచ్చేవాడు. నల్లగా, ఎండిన తాటిమొద్దులా ఉండేవాడు, కొట్టు మెట్టు కిందే నిలబడి మాట్లాడేవాడు. ఆ యేడు వానల ముందు వచ్చినప్పుడు ముఖమంతా నవ్వు. "మా వోణ్ణి మీ కాలేజీలోనే ఎట్టినాను బాబూ" అన్నాడు నాతో. "మిలట్రీ వోల్లొచ్చి తెప్పలు తియ్యొద్దంతారు, గట్టు మీద వలలు ఆరెయ్యొద్దంతారు. ఎందుకని అడగడానికి మాకెవులికీ సేతకాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంతారు గదా, మా ఊరికి నోరే నేదు. ఈడు దొరల ముందల నాలుగు మాటలు మాటాడ్డం నేర్సుకుంతే సాలు, ఇంకేటొద్దు." నేను నూలు తూచి ఇచ్చాను. అలాగే అన్నాను.

వాడి పేరు రాయను. కావలసినవాళ్ళకి పుస్తకంలో ఉంది. ఒడ్డున మిషను బడిలో చదివి, ఫస్టు క్లాసులో పాసై, చేపల బజారు వెనక మేనత్త ఇంట్లో ఉంటూ కాలేజీకి వచ్చాడు. మొదటిరోజు క్లాసులోకి వచ్చి నలువైపులా చూసి, తెలిసిన ముఖం నాదొక్కటే కనబడి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చేశాడు. "ఏటి బావా, నాకూ కూసింత సోటుందా? మీ కొట్లోనే గదా మా అయ్య నూలు కొంతాడు" అన్నాడు, గట్టిగా, సముద్రం మీద అవతలి తెప్పవాణ్ణి పిలిచే గొంతుతో. క్లాసంతా గొల్లుమంది. అప్పటికి నేను భుజం మీద ఉత్తరీయం వేసుకుని, పద్యాలు రాస్తున్నానని చెప్పుకుని, నూలు కొట్టు సంగతి ఎవరికీ తెలియకుండా తిరుగుతున్నవాణ్ణి. బావా అన్నందుకు మూడు నెలలపాటు నన్ను 'వల బావ' అని పిలిచారు. సిగ్గుతో చచ్చిపోయాను. వాడికి అదేమీ తెలియదు. జరిగి చోటిచ్చానని మేనత్త చేత కొబ్బరుండలు చేయించి తెచ్చిపెట్టాడు కూడా. తిన్నాను. ఒళ్ళు మాత్రం మండుతూనే ఉంది.

దసరా సెలవులకి ముందు శనివారం సముద్రయానం విషయం వచ్చింది. ఇద్దరు ముగ్గురు మామూలుగా ఓడలు ముంచారు. అధ్యక్షత వహించే మా తెలుగు మాస్టారు, ఇంకెవరైనా మాట్లాడతారా అని అలవాటుగా అడిగి లేవబోతున్నారు. వెనక బెంచీలోంచి వీడు లేచాడు. వస్తూ వస్తూ చేతులు పంచెకి తుడుచుకున్నాడు. నేను కలం సిరాలో ముంచాను.

"పెద్దలందరికీ దండాలు" అన్నాడు. "సంద్రం మీదికెల్లొచ్చో ఎల్లకూడదో నాకు తెల్దు. మా అయ్య దినమూ ఎల్తాడు. ఎల్లకపోతే కూడు నేదు. ఎల్లినోడికి కులం పోద్దని ఇందాక సెప్పినారు. కెరటం దాటినాక కులం గురుతుండదండి, గట్టు గురుతుంటాది. దీపమెట్టేయేలకి గట్టు కనబడితే సాలనుకుంతాం. ఎల్లడానికి శాస్త్రం అక్కర్నేదు. తిరిగి రాడానికి గట్టుండాలి. అంతే."

నమస్కారం పెట్టి, నిటారుగా నడిచి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు. ఆ తరవాత వెనక బెంచీల నుంచి మొదలై హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, అదేమిటో చేతులు ఆగలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ నా చెవిలో, "వచ్చేనెల అంతర్ కళాశాల పోటీకి నీ బదులు వీణ్ణి పంపిస్తేనో?" అన్నారు. నాకు అప్పటికే ఆ పోటీ కోసం కొత్త పంచెల చాపు కొని ఉంది.

ఆ వారం నేను పుస్తకంలో రాసింది ఇప్పుడు నా ముందే ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చేయి విరగ. "అంతట సముద్రతీర వాస్తవ్యుడగు నూతన వక్త లేచెను. సభామందిరమున ఉప్పుగాలి వీచెను. మొదటి వరుస సభ్యులు ఉత్తరీయములను నాసికలకు జేర్చికొనిరి. వక్త సభను సముద్రముగా భ్రమించి వల విసరెను. చిన్న పరిగెయైనను పడలేదు. తుదకు, తెలియక లేచితిని, క్షమింపుడని సభవారిని వేడుకొని, తల వంచుకొని కూర్చుండెను."

ముక్కులు మూసుకున్నవాడు లేడు. క్షమించమని వాడు అననే లేదు. రాస్తూంటే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి, వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను. సెలవులయ్యాక మొదటి శనివారం హాలు కిటకిటలాడింది. నేను చదివాను. ఉప్పుగాలి దగ్గర మొదలైన నవ్వు పరిగె దగ్గరికొచ్చేసరికి బల్లలు గుద్దేదాకా వెళ్ళింది. అంతా అయ్యాక వాడు లేచాడు. సరిగానే ఉంది అంటాడని అందరూ చూస్తున్నారు.

"నానలాగ అననేదు బావా" అన్నాడు. "క్షమించమని నాననేదు."

బావా అనేసరికి హాలు కూలిపోయింది. నవ్వు ఆగాక మాస్టారి వైపు చూశాను. చెడ్డవారు కాదు ఆయన. ఆ రోజు విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు. కానీ విద్యార్థుల గుంపంటే ఆయనకి భయం. "అభ్యంతరం ఓటుకు పెడుతున్నాను. పుస్తకమే సరి అన్నవారు చేతులెత్తండి" అన్నారు బల్ల వైపు చూస్తూ. చేతులు లేచాయి. రెండు వారాల క్రితం చప్పట్లు కొట్టిన చేతులే. లెక్కపెట్టాల్సింది నేను, ఓటూ ఉన్నవాణ్ణి గనక నా చెయ్యీ ఎత్తాను. వాడు ఒక్కొక్క చెయ్యీ చూసుకుంటూ వచ్చి, నా చేతి దగ్గర ఆగాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. లెక్క తెలియని పిల్లాడు బోర్డు వైపు చూసినట్టు చూశాడు. "పుస్తకంలో ఎక్కింది ఎక్కినట్టే నాయనా. ఆచారం. సంతకం పెట్టు" అన్నారు మాస్టారు. వాడు ముందుకొచ్చి, మిషను బడిలో నేర్పిన బడి తెలుగులో, "సరిగానే ఉంది" అన్నాడు. సంతకం పెట్టాడు. కుడివైపు ఒరిగిన అక్షరాలు. సిరా ఎక్కువై చివరి అక్షరం కింద చుక్క పడింది.

ఆ తరవాత సభకి రాలేదు. క్లాసులో చివరి బల్లకి మారాడు. పిలిచి లేపితే నిలబడేవాడు, ప్రశ్న అయ్యాక కూర్చునేవాడు, మధ్యలో నోరు విప్పేవాడు కాదు. సంక్రాంతికి ముందే కాలేజీ మానేశాడు. పోటీకి నేనే వెళ్ళాను, కొత్త పంచె కట్టుకుని. ఏ బహుమతీ రాలేదు, వచ్చేటప్పుడు రైల్లో గొడుగు కూడా పోయింది.

ఆ మాసంలోనే పెద్దాయన నూలుకి వచ్చాడు. మెట్టు కింద నిలబడి, అటూ ఇటూ చూసి, "ఒక మాట అడగాల బాబూ" అన్నాడు. "ఆడు ఇంటికొచ్చేసినాడు. ఏటయిందిరా అంతే సెప్పడు. సదువు సాలంతాడు. సభలో మాటాడినాడా ఆడు? మీరిన్నారా?"

"మాట్లాడాడు" అన్నాను.

"బాగా మాటాడినాడా?"

"బాగా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు." అంతవరకూ నిజమే చెప్పాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన ముఖం చూస్తూంటే ఇంకేదో ఇవ్వాలనిపించి, "పుస్తకంలో సంతకం కూడా పెట్టాడు" అన్నాను.

"పుస్తకంలో ఎక్కినాడా! సంతకం ఎట్టినాడా!" అని ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పక్క కొట్టువాణ్ణి పిలిచి వాడికీ చెప్పాడు. అంతకంటే నీచమైన మాట నా జన్మలో ఇంకొకటి అనలేదు, అదీ దయ చూపిస్తున్నాననుకుంటూ అన్నాను.

యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు. కొట్లో కూర్చోనని మా నాన్నతో దెబ్బలాడి నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మొదట గజపతినగరం, తరవాత సముద్రపు వైపు. అక్కడ ఉప్పు పండించే కొటారు పెడతామని ఎవరో పెద్దవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. వాళ్ళకి కావలసింది సరిగ్గా మా నూలు పెద్దాయన పల్లె వాళ్ళు తెప్పలు లాగి, వలలు ఆరేసుకునే గట్టు. బదులుగా కోసెడు దూరంలో రాళ్ళ దగ్గర వేరే చోటు చూపించారు. ఊరివాళ్ళ వాంగ్మూలం తీసుకోవాలని మా డిప్టీ తాసీల్దారు బయల్దేరారు. రాయడానికి నేను. తాటాకు పందిరి కింద కుర్చీ వేశారు, ఊరంతా ఇసకలో కూర్చుంది. "రాళ్ళ కాడికి తెప్ప రానేదు బాబూ, కెరటం కొట్టి పగలేస్తాది" అని ఒకరి తరవాత ఒకరు అదే చెప్పారు. డిప్టీగారు కొబ్బరినీళ్ళు తాగి, "సంతోషపూర్వకముగా సమ్మతించుచున్నాము అని రాయవయ్యా" అన్నారు. రాశాను. నా గ్రాంథికం మళ్ళీ పనికొచ్చింది.

చదివి వినిపించాను. ఎవరికీ అర్థం కాలేదు. గుంపులోంచి పెద్దాయన లేచాడు. నన్ను గుర్తుపట్టలేదు, చూపు మందగించింది. "మాకు తెల్దు బాబూ. మా వోడున్నాడు, సదువుకున్నోడు, పట్నంలో సభలో మాటాడినోడు, పుస్తకంలో సంతకం ఎట్టినోడు. ఆడు ఇని సెప్తాడు. ఒరే, రారా ముందుకి!" అని వెనక్కి చూసి కేకేశాడు. ఇంతకాలం ఆ ఊరు ఎదురు చూసిన రోజు అదే. అందరూ తప్పుకుని దారిచ్చారు.

వాడొచ్చాడు. వీపు వెడల్పయింది, చేతులు తాళ్ళు లాగి కాయలు కాశాయి. మళ్ళీ చదవమన్నాడు. బావా అనలేదు, "అయ్యా" అన్నాడు. చదివాను. సమ్మతించుచున్నాము దగ్గర నా గొంతు తగ్గింది. ఇప్పుడైనా నోరు విప్పరా, కాదను, మేమలాగ అననేదు అను, డిప్టీగారు కోప్పడినా కొట్టేసి తిరగరాస్తాను అని లోపల మొత్తుకుంటున్నాను. పైకి మాత్రం కాగితం పట్టుకుని గుమాస్తాలా నిలబడ్డాను. వాడు నా ముఖంలోకి చూశాడు. మెల్లగా, అదే బడి తెలుగులో, "సరిగానే ఉంది" అన్నాడు. కలం తీసుకుని సంతకం పెట్టాడు. అదే ఒరుగు. డిప్టీగారు, "చూశావా, చదువుకున్నవాడి పద్ధతే వేరు" అని మెచ్చుకున్నారు.

"ఏటిరా, అడగనేదేటి? ఏటి రాసినారందులో?" అని తండ్రి వాడి రెక్క పట్టుకున్నాడు.

"అడిగితే సేతులెత్తుతారయ్యా. మనం నెగ్గం" అన్నాడు వాడు.

పెద్దాయనకి అర్థం కాలేదు. డిప్టీగారికీ కాలేదు. ఆ పందిరి కింద ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని జీపెక్కాను.

తుపాను కూడా రాలేదు. ఆ వానాకాలం మామూలు పోటుకే రాళ్ళ మీద రెండు తెప్పలు పగిలాయి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సెలవుకి ఇంటికొచ్చి ఓ పూట కొట్లో కూర్చున్నాను. పెద్దాయన వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. మా నాన్న మామూలు ప్రకారం నూలు తూస్తూంటే, "ఈ తూరి సగం సాలు సావుకారూ" అన్నాడు. "అంత పెద్ద వల లాగలేను. ఇప్పుడు నానొక్కణ్ణే." నాన్న ఒక్కసారి ఆయన ముఖం చూసి, సగం తూచాడు. నేను లోపలికెళ్ళి బస్తాల మధ్య కూర్చున్నాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇదిగో, చెప్పాను. అది కూర్చున్న చోటే కూర్చునుంది. అమ్మాయీ, నువ్వు అడిగిన నాలుగు మాటలూ ఇవే, సంచికలో వేసుకుంటే వేసుకో, లేకపోతే లేదు. నిన్న ఆ పేజీ తెరిచి, వాడి సంతకం పక్కన, "అతడు క్షమించమనలేదు. తల వంచలేదు. కార్యదర్శి అబద్ధం రాశాడు" అని రాసి నా సంతకం పెట్టాను. మీ పుస్తకం పాడుచేశాననుకుంటే అభ్యంతరం ఓటుకు పెట్టుకోండి. ఆ శనివారం చేతులెత్తినవాళ్ళలో నాకు తెలిసి నేనొక్కణ్ణే మిగిలాను, ఈసారి నేను చెయ్యెత్తను. వాడి మాట ఏకగ్రీవంగా నెగ్గుతుంది. కాలం ఒక్కొక్కటే అందరి చేతులూ దింపేసింది. వాడు పోయిన తరవాత దింపింది.